చుక్క లేని సూర్యుడు

అక్టోబరు 14

బ్యాక్‌డ్రాప్ స్టాండు వంగిపోయింది. పొద్దున్నే పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన పెద్దాయనను కూర్చోబెట్టి కెమెరాలోంచి చూస్తే, తెర పక్కన ఉన్న కమ్మీకి పొట్ట వచ్చింది. విప్పి నేల మీద దొర్లించాను. చక్కగా దొర్లింది. బిగించి చూస్తే మళ్ళీ పొట్ట. పెద్దాయన ఓపిగ్గా "నేను లేవాలా, కూర్చోవాలా బాబూ?" అని అడిగాడు. తీరా ఫోటోలో కమ్మీ తిన్నగానే పడింది. చవకరకం ఇనుము, దాని బుద్ధి అంతే.

మా ఆవిడ లోపలి గదిలో కంప్యూటరు ముందు నుంచి కదలకుండానే "స్టాండుతో కుస్తీ అయ్యాక కాస్త ఫోటోలు కూడా తీయండి" అంది.

అక్టోబరు 17

ఎదురు వీధి బడి సైన్సు టీచరు వచ్చింది. ఫోటో దిగడానికి కాదు. వచ్చే నెల పదమూడున బుధుడు సూర్యుడి ముందు నుంచి దాటుతాడట. ఆ ఫోటో పెద్దది వేయించి కొత్త ల్యాబు గోడకి పెట్టాలట. "మీ దగ్గర పక్షుల లెన్సు ఉందని విన్నాను అన్నయ్యగారూ" అంది.

లోపల మా ఆవిడ నవ్వింది. ఆ లెన్సుతో నేను ఇంతవరకు తీసిన పక్షి ఒక్కటే, అదీ పక్కింటి కోడి.

ఎంత ఉంటాడు బుధుడు అని అడిగాను. మా కౌంటరు ముందున్న గుండ్రటి బల్ల చూపించి, "సూర్యుడు ఇంత ఉంటే బుధుడు దీని మీద మిరియపు గింజ" అంది. నేను నమ్మలేదు. ఆవిడ వెళ్ళాక ఒక మిరియపు గింజ తెచ్చి బల్ల మీద పెట్టి గుమ్మం దగ్గర నుంచుని చూశాను. నిజమే, దాన్ని వెతుక్కోవాలి.

వెళ్ళే ముందు టీచరు బోలెడు షరతులు పెట్టింది. ఫిల్టరు లెన్సుకి ముందు ఉండాలి, కంటి దగ్గర కాదు. ఎందుకని అడిగితే, లెన్సు ఎండనంతా పోగు చేసి వెనక్కి పంపుతుందట, అక్కడ పెట్టిన ఫిల్టరు పగిలిపోతుంది, ఆ వెనకున్న కన్ను పోతుంది. సూర్యుడి కోసమని చేసిన ఫిల్టరే కావాలి. చలవ కళ్ళద్దాలు, పాత ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు పనికిరావు. కెమెరా కంతలోంచి చూడకూడదు, వెనకున్న తెర మీదే చూడాలి. ముప్పై ఏళ్ళుగా ఎడమ కన్ను మూసి కుడి కన్నుతో కంతలోంచి చూసేవాడికి ఇది చెప్పింది. సరేనన్నాను.

అక్టోబరు 19

ఈ రోజు పెళ్ళి ఆల్బం. మా ఆవిడ ముఖాలు శుభ్రం చేస్తుంటే వెనక నుంచుని చూశాను. మొటిమలు తీసేస్తుంది, పుట్టుమచ్చలు ఉంచుతుంది. కెమెరా లోపలి సెన్సార్ మీద దుమ్ము పడి ఫోటోలో వచ్చే చుక్కలైతే ఎవరితోనో మాట్లాడుతూ, అటు చూడకుండానే తీసేస్తుంది. ఆవిడ వేళ్ళకే కళ్ళున్నాయి. పెళ్ళికొడుకు చెంప మీద మచ్చ తీయబోయి ఆగింది. "ఇది పుట్టుమచ్చే. తీసేస్తే వాళ్ళమ్మ ఊరుకోదు."

అక్టోబరు 22

ఫిల్టరు వచ్చింది. మేడ మీదికి వెళ్ళి లెన్సు ముందు బిగించి, గాలికి ఊడకుండా చుట్టూ టేపు వేసి, సూర్యుణ్ణి పట్టుకున్నాను. ఇన్నేళ్ళు నా ఫోటోలన్నిటికీ వెలుగిచ్చినవాడి ముఖం ఇప్పుడు చూశాను. తెల్లగా, గుండ్రంగా, అంచులు కాస్త మబ్బుగా. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. (కంతలోంచే. ఫిల్టరు ఉంది కదా.)

నడిమధ్యన ఒక బూడిద రంగు మరక. ఫోటోలో లేదు. అంటే సెన్సార్ మీద లేదు, కంత అద్దం మీద ఉంది.

అక్టోబరు 23

కంత అద్దం తుడిచాను.

అక్టోబరు 24

మళ్ళీ తుడిచాను. ఈసారి స్పిరిటుతో.

అక్టోబరు 27

ఎడమ కన్ను మూసి గోడ మీద క్యాలెండరు చూశాను. ఏ తారీకు చూస్తే ఆ తారీకు మాయం, దాని చుట్టూ ఉన్నవి బాగానే ఉన్నాయి. నిద్ర చాలడం లేదు. ఇలాంటి తిక్క పరీక్షలు మళ్ళీ చేయకూడదు.

అక్టోబరు 28

చేశాను.

నవంబరు 1

టీచరు మేడ చూడటానికి వచ్చింది. ఎక్కడ ఎండ పడుతుందో, ఏ గోడ అడ్డం వస్తుందో కొలుచుకుంది. కిందికి దిగాక మా ఆవిడ టీ ఇచ్చింది. మాటల్లో మా మామగారి సంగతి వచ్చింది. ఆయనకు చూపు ఉండేది కాదని టీచరుకి తెలియదు.

"బడికి వెళ్ళే వయసు నుంచి, పెళ్ళయ్యాక కూడా, నాన్న చెయ్యి నా చేతిలోనే ఉండేది" అంది మా ఆవిడ. "బ్యాంకుకీ నేనే, బజారుకీ నేనే, మంగలి దగ్గరికీ నేనే. ఆయన పోయినప్పుడు చాలా ఏడ్చాను. ఆ తర్వాత వారానికి ఒక్కదాన్నే రెండు చేతులూ ఊపుకుంటూ బజారుకి వెళ్ళాను. ఎంత బాగుందో చెప్పలేను. మళ్ళీ ఇంకొకళ్ళని అలా తిప్పే ఓపిక నాకు లేదమ్మా."

నవ్వుతూనే అంది. టీచరు కూడా నవ్వింది. నేను కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాను.

నవంబరు 5

టీచరుతో కలిసి మేడ మీద రిహార్సలు. ఈ రోజు సూర్యుడి మీద నిజంగానే ఒక మచ్చ ఉంది, అంచులు చెదిరినట్టు. అక్కడ కాస్త చల్లగా ఉంటుందట, అందుకే నల్లగా కనిపిస్తుందట. సూర్యుడి మీద చల్లటి చోటు అనే మాటే వింతగా ఉంది. ఎంత చల్లన అంటే ఇనుము నీరయ్యేంత అంది. బుధుడికీ దానికీ తేడా ఎలా తెలుస్తుందని అడిగాను. మచ్చ ఉన్నచోటే ఉంటుంది, బుధుడు గంటలోనే జరిగి కనిపిస్తాడు, పైగా వాడి అంచు నిక్కచ్చిగా గుండ్రంగా ఉంటుంది అంది.

మాటల మధ్యలో, మా కస్టమరు ఒకాయనకు ఏది చూసినా మధ్యలో మరక కనిపిస్తుందట, ఎందుకై ఉంటుందని అడిగాను.

"కన్ను ఎటు తిప్పితే అటు వస్తోందా?"

"వస్తోందట."

"అయితే అది కంట్లోదే అన్నయ్యగారూ. వెంటనే డాక్టరుకి చూపించుకోమనండి."

ఆయనకు చెబుతానన్నాను. పదమూడు దాటాక.

నవంబరు 8

కుడి కన్ను లేకపోతే నేనేమిటి? ఎడమ కన్నుతో కంతలో చూడబోతే ముక్కు కెమెరాకి గుద్దుకుంటోంది. ఎడమది కూడా అదే దారి పడితే? ఆ తర్వాత మా ఆవిడ నన్ను తిప్పుతుంది. ఓపిక లేకపోయినా తిప్పుతుంది, అదీ నా భయం.

స్టాండు బాగానే ఉంది. దాన్ని అనవసరంగా తిట్టాను.

నవంబరు 12

మబ్బు. రేపు కూడా ఇలాగే ఉంటే బుధుడు వచ్చి పోయినట్టు కూడా తెలియదు.

నవంబరు 13

పొద్దున మబ్బు, పది దాటాక విడిపోయింది. టీచరు పిల్లల్ని వెంటేసుకుని మేడెక్కింది. చిన్న దూరదర్శిని తెచ్చింది. దాంట్లో ఎవరూ కన్ను పెట్టరు. సూర్యుడి బొమ్మను వెనకనున్న తెల్ల అట్ట మీద పడేట్టు చేసి, మధ్యలో ఎవరూ తల దూర్చకుండా చుట్టూ అట్టపెట్టె కట్టింది. పక్కనున్న, గురి చూసుకునే బుల్లి గొట్టానికి కూడా మూత పెట్టింది. అందరూ సూర్యుడికి వీపు పెట్టి సూర్యుణ్ణి చూడాలి. ఒక పిల్ల "మరి సూర్యుడికి కోపం రాదా?" అని అడిగింది.

నేను కెమెరా బిగించి అలవాటు చొప్పున కంతలోకి చూశాను. చుక్క. "వచ్చేశాడు, వచ్చేశాడు" అని అరిచాను. టీచరు గడియారం చూసుకుంది. "ఇంకా టైముంది అన్నయ్యగారూ." పేపరులో వేసిన టైము తప్పై ఉంటుందన్నాను. ఆవిడ కెమెరా వెనక తెర చూసింది, అట్ట చూసింది. రెండింటిలోనూ ఏమీ లేదు.

"దుమ్మై ఉంటుంది" అన్నాను.

"కంతలోంచి చూడొద్దన్నానా?" అని టేపు ముక్క చింపి దాన్ని మూసేసింది. పిల్లలు నా అవస్థ చూసి నవ్వారు. మంచిదే అయింది, ఇక తెర మీద రెండు కళ్ళతోనే ఫోకస్ చేశాను. సూర్యుడి అంచు పట్టుకుని, పెద్దది చేసి చూసి, కత్తిలా అయ్యేదాకా తిప్పాను.

అప్పుడు మొదలైంది. అట్ట మీద సూర్యుడి అంచున ఎవరో గోటితో గిచ్చినంత నొక్కు పడింది. మెల్లగా లోపలికి వచ్చింది. అంచును వదిలే ముందు కాసేపు అంటుకుని ఉన్నట్టు అనిపించింది, తర్వాత విడిపోయి గుండ్రటి చుక్క అయింది. మిరియపు గింజ కూడా ఎక్కువే. రెండు కళ్ళతో చూశాను, చాలా స్పష్టంగా చూశాను. అది నా కంట్లోది కాదు. నేను ఎటు చూసినా అది కదల్లేదు, తన దారిన తాను పోయింది.

అదొక ప్రపంచం అని టీచరు చెబుతుంటే నమ్మబుద్ధి కాలేదు. అక్కడ కొండలు ఉన్నాయట, గుంటలు ఉన్నాయట. తూటా కంటే వేగంగా పోతోందట. అట్ట మీద మాత్రం పోతున్నట్టే లేదు. అది అంత దూరంలో, సూర్యుడు దాని వెనక ఇంకా దూరంలో. మరి మనకి అవతల ఎక్కడో ఉన్నవాళ్ళకి మనమూ ఇలాగే చుక్కగా దాటుతామా అని అడిగాను. దాటుతామంది. ఆ చుక్కలోనే నా స్టూడియో, ఈ మేడ, కింద పాస్‌పోర్టు ఫోటోల వరస కూడా ఉంటాయన్న మాట.

మా ఆవిడ ఒక్కసారి టీ తీసుకుని పైకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మబ్బు అడ్డం వచ్చింది. "కింద పరీక్ష ఫోటోలకి జనం, మీ బుధుడు వచ్చేదాకా ఆగలేను" అని దిగిపోయింది. నాలుగు గంటలకు పైగా ఉన్నాడు వాడు, ఆవిడ ఒక్క నిమిషం కూడా చూడలేదు.

సాయంత్రం చుక్క అవతలి అంచు దాటి పోయింది. పిల్లలు టాటా చెప్పారు. నేనూ చెప్పాను.

నవంబరు 14

ఫోటోలన్నీ కంప్యూటరులో వేసి, "మంచిది ఒకటి చూసి పెద్ద ప్రింటుకి సిద్ధం చెయ్యి" అని మా ఆవిడకి చెప్పాను. సాయంత్రానికి ప్రింటు చేసి ఇచ్చింది. ఎప్పటిలాగే ఎడమ కన్ను మూసి భూతద్దంతో చూశాను. సూర్యుడి మచ్చ ఒక పక్కన, బుధుడు నడుమ. చుక్క చక్కగా, నల్లగా, గుండ్రంగా పడింది. బ్రహ్మాండంగా ఉంది, ఫ్రేము కట్టించమన్నాను.

నవంబరు 16

ఎలా రాయాలో తెలియడం లేదు. అయినా రాస్తాను.

టీచరు ఫ్రేము పట్టుకుని వచ్చింది. కౌంటరు మీద పెట్టి, ఎవరినీ నొప్పించకుండా అడగాలని చూస్తూ, "అన్నయ్యగారూ, సూర్యుడు బ్రహ్మాండంగా ఉన్నాడు. బుధుడు ఏడీ?" అంది.

చూపిద్దామని వేలు పెట్టాను. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. వేలి కింద ఏమీ లేదు. చుట్టూ చూశాను. ఎక్కడా లేదు. సూర్యుడి మచ్చ ఉంది, బుధుడు లేడు.

మా ఆవిడ బయటికి వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో. నేనే తీసేశాను. దుమ్ము చుక్కనుకున్నా. ఆ చెదిరిన మచ్చ పుట్టుమచ్చలా ఉందని ఉంచాను, ఇది మరీ గుండ్రంగా ఉందని తుడిచేశాను." అని నవ్వడం మొదలుపెట్టింది. "ఒక గ్రహాన్ని తుడిచేశానమ్మా. ఇంతవరకు ఎవరైనా చేశారా ఈ పని?" టీచరు కూడా పడీ పడీ నవ్వింది. అసలు ఫోటోలు అలాగే ఉన్నాయి, మళ్ళీ వేసిస్తానంది మా ఆవిడ.

అంతలో ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"మీరు భూతద్దం పెట్టి చూశారు కదా?" అంది నాతో. "చుక్క చక్కగా పడిందన్నారు. లేనిదాన్ని ఎలా చూశారు?"

హడావిడిలో అన్నానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. కౌంటరు దాటి వచ్చి, తన అరచేత్తో నా ఎడమ కన్ను మూసి, నా ఎదురుగా నుంచుంది. "నా మొహం చూడండి. ఏం కనిపిస్తోంది?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "చెవులు కనిపిస్తున్నాయి" అన్నాను.

టీచరు ఫ్రేము అక్కడే వదిలేసి మెల్లగా వెళ్ళిపోయింది. మా ఆవిడ చాలాసేపు చెయ్యి తీయలేదు. తర్వాత షట్టరు దించేసింది. "ఎప్పట్నించి?" అని ఒక్కటే అడిగింది. చెప్పాను. స్టాండు సంగతితో సహా అన్నీ చెప్పాను.

నవంబరు 17

మా ఆవిడ మాట్లాడటం లేదు. పళ్ళెం పెడుతుంది, తీస్తుంది. నా తల ప్రాణం తోకకి వస్తోంది.

మధ్యాహ్నం కొత్త ప్రింటు కౌంటరు మీద కనిపించింది. చుక్క ఉంది, రెండు కళ్ళతో చూసుకున్నాను. బడికి తనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. వస్తూ వస్తూ కళ్ళ డాక్టరు దగ్గర రేపటికి టైము తీసుకుంది.

నవంబరు 18

డాక్టరు చిన్నవాడే. రెండు కళ్ళలోనూ చుక్కల మందు వేసి, కంటిపాపలు పెద్దవయ్యేదాకా బయట కూర్చోబెట్టి, ఆ తర్వాత లోపలికి పిలిచి వెలుగు వేసి చూశాడు. మా ఆవిడ అడిగింది, "సూర్యుణ్ణి చూడటం వల్లేనా?"

"కాదమ్మా. ఎండ దెబ్బ వేరుగా ఉంటుంది. ఇక్కడ రెటీనా కింద నీరు చేరింది. గీతలు వంకరగా కనిపించడం, మధ్యలో మరక, అన్నీ దానివల్లే." చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుందట, కొందరికి కొంచెం మరక మిగిలిపోతుందట. ముందే వచ్చి ఉంటే బాగుండేదన్నాడు. ఎడమ కన్ను చక్కగా ఉంది. నెల తర్వాత మళ్ళీ చూస్తానన్నాడు. అప్పటికి ఏమవుతుందో ఆయనకీ తెలియదు. తెలియదని చెప్పిన డాక్టరు మీద నాకెందుకో నమ్మకం కుదిరింది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడే మొదలుపెట్టింది.

"ఓపిక లేదన్నాను. నిజంగానే లేదు. అయినా వస్తాను. కానీ నాకు చెప్పాలి. నాన్న ఏదీ దాచేవాడు కాదు. 'ముందు గుంటుందా తల్లీ, నాకు భయంగా ఉంది' అని అడిగేవాడు. ఆయన్ని తిప్పడం కష్టమే, కానీ భయం ఉండేది కాదు. మీరేమో నెల రోజులుగా నన్ను గుడ్డిదాన్ని చేశారు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. మందు వల్ల నీళ్ళు కారుతున్నాయని పక్కనున్నాయన అనుకుని ఉంటాడు.

బయటికి వచ్చేసరికి ఎండ మొహం మీద కొట్టింది. రోడ్డూ గోడలూ మనుషులూ అన్నీ తెల్లటి వెలుగులో కలిసిపోయాయి. ఎక్కడ అడుగు వేయాలో తెలియక మెట్ల మీదే ఆగిపోయాను. ఆవిడ చెయ్యి అందుకుంటుందని చెయ్యి చాచాను. అందుకోలేదు. నా పక్కకి వచ్చి మోచెయ్యి నా వైపు పెట్టింది.

"మీరే పట్టుకోండి, మోచేతికి కాస్త పైన. నాన్నని నేను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదాన్ని, అది తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది. చూపున్నవాళ్ళు పట్టుకోకూడదు. కనిపించనివాళ్ళే పట్టుకోవాలి. ఎప్పుడు వదిలేయాలో వాళ్ళిష్టం."

పట్టుకున్నాను. మెట్టు వచ్చినప్పుడు ఆవిడ మోచెయ్యి కిందికి దిగేది, నాకు తెలిసిపోయేది. ఒక్క మాట అవసరం లేకుండా రోడ్డు దాటించింది, బస్సెక్కించింది, దింపింది. బస్సు దిగేసరికి మందు చాలావరకు దిగింది. గోడలు గోడల్లా, మనుషులు మనుషుల్లా అయ్యారు.

ఇక దాచకూడదని, "కనిపిస్తోంది" అని చెప్పాను.

"అయితే వదలండి" అంది.

షాపు తాళం తీయడానికి ఆవిడకి రెండు చేతులూ కావలసి వచ్చేదాకా వదల్లేదు.